అవతలి జట్టు గది

ఆ స్టేడియంలో ఆవిడ అందరికీ పిన్నే. గేటు దగ్గర టిక్కెట్లు చింపే ముసలాయనకీ పిన్నే, నిన్నగాక మొన్న చేరిన గోల్‌కీపరుకీ పిన్నే, చివరికి ఆవిడకంటే వయసులో పెద్దవాడైన మేనేజరుకి కూడా పిన్నే. ఇక ఆవిడ చేసే ఉద్యోగం ఏమిటంటారా? వచ్చినవాళ్ళకి సుఖమనేది లేకుండా చూసుకోవడం. నవ్వకండి. నిజంగానే అది ఆవిడ ఉద్యోగం, నెల తిరిగేసరికి దానికి జీతం కూడా ఇస్తారు.

మ్యాచ్ ఆడటానికి వచ్చిన అవతలి జట్టుకి బట్టలు మార్చుకోవడానికి ఒక గది ఇవ్వాలి. రూలు అది. కూర్చోవడానికి బల్లలుండాలి, చొక్కాలు తగిలించుకోవడానికి కొక్కేలుండాలి, స్నానానికి వేణ్ణీళ్ళుండాలి. అలాగే, దానికేం భాగ్యం, ఇస్తారు. అయితే ఆ బల్ల ఎంత ఎత్తుండాలో, ఆ కొక్కెం ఎవరికి అందాలో రూలు రాసినవాడు రాయడం మర్చిపోయాడు. ఆ మర్చిపోయిన చోటల్లా పిన్ని వాళ్ళ నాన్న ఉలి పెట్టాడు.

అసలు ఇదంతా ఇటుకల షావుకారుతో మొదలైంది. ఇప్పుడు స్టేడియం ఉన్నచోట ఒకప్పుడు ఆయన ఇటుకల బట్టీ ఉండేది. మట్టి తవ్వగా తవ్వగా చెరువంత గొయ్యి పడింది. ఇంక తవ్వడానికి మట్టి లేదని తేలాక షావుకారు ఆ గోతిలో అడుగున చదును చేయించి, చుట్టూ అమ్ముడుపోని ఇటుకలతో మెట్లు కట్టించి, ఇదిగో ఫుట్‌బాల్ మైదానం అన్నాడు. చదును చేసినవాళ్ళు మధ్యాహ్నం భోజనం తర్వాత చేశారో ఏమో, తూర్పు మూలకి కాస్త వాలు ఉండిపోయింది. ఇప్పటికీ వాన పడితే ఆ మూల జెండా చుట్టూ నీళ్ళు నిలుస్తాయి. అటు వెళ్ళిన బంతి ఠక్కున ఆగిపోతుంది. ఇంటి జట్టుకి ఆ సంగతి తెలుసు, వచ్చినవాళ్ళకి తెలియదు, తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

తూర్పు గ్యాలరీ పైకప్పు ఒకసారి గాలివానకి లేచి వెళ్ళి పక్క వీధిలో బడి ఆవరణలో పడింది. సెలవు రోజు కాబట్టి సరిపోయింది. దాన్నే మోసుకొచ్చి మళ్ళీ బిగించారు, అందుకే అది టోపీ పక్కకి పెట్టుకున్నట్టుంటుంది. ఫ్లడ్‌లైట్లు పాత రైల్వే యార్డులోంచి తెచ్చినవి. గోపురం మీది గడియారం కొంచెం నిదానం. ఇంటి జట్టు ఓడిపోతున్నప్పుడు దాన్ని చూస్తే ఇంకా బోలెడు టైముందనిపిస్తుంది, కాబట్టి దాన్ని బాగుచేయిద్దామని ఎవరూ అనరు. ఇక అవతలి జట్టుకిచ్చే గది ఉంది చూశారూ, అది బట్టీ రోజుల్లో ఇటుకలు మోసే గాడిదల కొట్టం. ఆ సంగతి వచ్చినవాళ్ళతో అనకుండా ఉండటానికి స్టేడియం మొత్తం నాలుక కరుచుకుని తిరుగుతుంది.

షావుకారు పిన్ని వాళ్ళ నాన్నని పిలిచి, "వడ్రంగీ, గది ఇవ్వక తప్పదు. కానీ ఆ గదిలో ఎవడూ కాళ్ళు చాపుకుని ఊపిరి పీల్చుకోకూడదు" అన్నాడు. ఆయన తల ఊపి పనిలోకి దిగాడు. బల్లలు ఎంత కిందకి కొట్టాడంటే కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. కొక్కేలు ఎంత పైకి కొట్టాడంటే బల్లెక్కితే గానీ చొక్కా తగిలించలేరు. అద్దాలు బొడ్డు ఎత్తులో పెట్టాడు, ఎంత అందగాడికైనా అందులో పొట్టే కనబడుతుంది. గది నడిమధ్య ఏనుగులాంటి బల్ల ఒకటి నేలకి బిగించాడు, దాంతో ఇటు కూర్చున్నవాడికి అటువాడు కనబడడు. కోచ్ బొమ్మలు గీసి చెప్పుకునే బోర్డు తలుపు వెనక బిగించాడు. సరిగ్గా అసలు సంగతి చెప్పేవేళకి ఎవడో ఒకడు తలుపు తోసుకొస్తాడు, బోర్డు గోడవైపు తిరిగిపోతుంది.

అన్నిటికంటే గొప్పది ఆ తలుపే. బయటినుంచి తోస్తే వెన్నలా వస్తుంది. లోపలినుంచి లాగితే మాత్రం ఎంత వస్తాదైనా సరే, రాదు. దానికో కిటుకుంది. ఆ కిటుకు పిన్ని వాళ్ళ నాన్నకి తెలుసు, పిన్నికి తెలుసు, పిన్ని కూతురికి తెలుసు. ఇంకో ప్రాణికి తెలియదు, లోపలివాళ్ళు బయటపడాలంటే కేకేయాల్సిందే. ఇవిగాక ఆ గదిలో ఆయన ఇంకొకటి కూడా చేశాడు, అది దాని వేళ వచ్చినప్పుడు చెప్పుకుందాం.

చిత్రమేమిటంటే ఇంట్లో ఆయన అలాంటి మనిషి కాదు. గుమ్మంలోకి వచ్చినవాడికి ఏదో ఒకటి పెట్టందే పంపేవాడు కాదు. కానీ ఆ సంగతి అవతలి జట్టుకేం తెలుసు? మోకాళ్ళు గడ్డానికి తగిలిన ప్రతివాడూ, "ఈ గది కట్టినవాడెవడ్రా బాబూ, వాడి చేతులు పడిపోనూ" అనేవాడు. పిన్ని ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆ తిట్లు వింటోంది. పైకి నవ్వేది. లోపల మాత్రం ప్రతిసారీ చివుక్కుమనేది. నాన్నని తిడితే ఎవరికి మాత్రం బాధగా ఉండదు చెప్పండి.

ఇక అసలు కథలోకి వద్దాం. ఆ రోజు ఆ ఏటికి ఆఖరి మ్యాచ్. ఇంటి జట్టు కనీసం డ్రా చేసుకోవాలి, లేదంటే కింది లీగులోకి దిగిపోవాలి. ముందు రోజే మేనేజరు పిన్నిని పట్టుకుని, "పిన్నీ, ఈసారి నీ గదిలో ఏ ఒక్కటీ తగ్గకూడదు" అని రెండు చేతులూ జోడించాడు. పిన్ని చెప్పులేసుకుని బయల్దేరుతుంటే కూతురు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ అమ్మాయి చొక్కాల మీద పేర్లూ నంబర్లూ అచ్చువేసే దుకాణంలో పనిచేస్తుంది.

"అమ్మా, నీకో మాట చెప్పాలి."

"సాయంత్రం చెప్పుదువుగాని. ఇవాళ మ్యాచ్."

"మ్యాచ్‌కి వచ్చేవాళ్ళ గురించే. అంటే, వాళ్ళలో ఒకతని గురించి."

పిన్ని కాలు చెప్పులోకి సగం దూరి అక్కడే ఆగిపోయింది. ఆడపిల్ల తల దించుకుని 'ఒకతను' అన్నదంటే అర్థం కానంత అమాయకురాలేం కాదావిడ.

"ఆటగాడా?"

"ఆ జట్టుతోనే వస్తాడు."

"ఏ నంబరు? పొడుగా, పొట్టా? పేరేంటి?"

"ఏదీ చెప్పను. చెబితే నీ చూపు మారిపోతుంది. నీ పని నువ్వు చేసుకుంటూ చూడు. సాయంత్రం నేనే వస్తాను, అప్పుడు చెప్పు. నువ్వు సరేనంటే సరే." అమ్మాయి గుమ్మం చెక్కని గోటితో గీకింది. "కాదంటే ఇంక ఆ మాటెత్తను. ఒట్టు."

"చూడటానికి నీకింకో చోటు దొరకలేదటే! ఆ గదిలో కూర్చుంటే దేవుడు కూడా ముఖం మాడ్చుకుంటాడు" అంది పిన్ని.

కూతురు నవ్వలేదు. అది చూసి పిన్నికి అర్థమైపోయింది. ఇదేదో పైపై మాట కాదు, పిల్ల ప్రాణం పెట్టుకుంది.

దారంతా ఒకటే ఆలోచన. నిజం చెప్పాలంటే ఆటగాడు అన్న ఊహ పిన్నికి నచ్చకపోలేదు. "నా బతుకంతా ఎవరెవరివో తడి తువ్వాళ్ళూ కంపు సాక్సులూ ఏరడంతోనే సరిపోయింది. నిన్ను మాత్రం సాక్సులేరే కొంపకి ఇవ్వను గాక ఇవ్వను" అని ఆవిడ కూతురితో అనని రోజు లేదు. ఆటగాడైతే వాడి సాక్సులు ఇంకెవరో ఏరతారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ చూసి చూసి కాబోయే అల్లుణ్ణి గాడిదల కొట్టంలో కూర్చోబెట్టడమేమిటి? పోనీ అద్దాలు కాస్త పైకి జరిపి, బల్లమీద నాలుగు దిళ్ళు వేద్దామా అంటే, అటు మేనేజరు చేతులు జోడించి మరీ అడిగాడాయె. ఆవిడ గది తాళం తీసేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది. గది గదిలాగే ఉంటుంది. ఉద్యోగం ఉద్యోగమే. ఆ గదిలో కూడా మనిషిలా ఉండగలిగినవాడే అల్లుడు.

జట్టు రావడానికి చాలా ముందే వాళ్ళ సామాన్ల వ్యాను వచ్చింది. అందులోంచి దిగాడు వాళ్ళ కిట్లు, అంటే ఆటబట్టలూ బూట్లూ, చూసుకునే మనిషి. చొక్కా చేతులు మడతపెట్టుకుని, ఈల వేసుకుంటూ, ఒక్కో బుట్టా భుజం మీద ఎత్తుకుని లోపలికి తేవడం మొదలుపెట్టాడు. మనిషి బక్కపలచన, చెవులు మాత్రం పెద్దవి.

"నమస్కారం పిన్నిగారూ."

"నేను పిన్నినని నీకెవరు చెప్పారు?"

"గేటు దగ్గర్నుంచి ఇక్కడిదాకా అందరూ అదే అంటున్నారండీ" అని నవ్వి, రెండో బుట్ట కోసం బయటికి వెళ్ళబోయాడు. తలుపు లాగాడు. రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు. ఊఁహూఁ.

పిన్నికి ప్రాణం లేచొచ్చింది. "ఏమైంది బాబూ?"

"తలుపు పట్టేసినట్టుందండీ."

"అయ్యో పాపం" అని పిన్ని వీపు అతనివైపు పెట్టి, పిడి కనబడకుండా చీర కొంగు అడ్డం వేసి, చిటికెలో తలుపు తీసింది. అతను రెండో బుట్ట తెచ్చి తలుపుకి అడ్డంగా పెట్టాడు, మూసుకోకుండా. "దారికి అడ్డం పెట్టకూడదు, రూలు" అని పిన్ని బుట్టని పక్కకి నెట్టింది. "రూలైతే సరేనండీ" అన్నాడతను, ఏ మాత్రం నొచ్చుకోకుండా. అదిగో, ఆ నొచ్చుకోకపోవడమే ఆవిడకి మొదట ఒళ్ళు మండించింది.

కొక్కేలు చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆలోచించాడు. ఇప్పుడు తిడతాడు అని పిన్ని చెవులు రిక్కించింది. అతను తిట్టలేదు. బుట్టలోంచి తాడు చుట్ట తీసి, బల్లెక్కి, కొక్కేనికీ కొక్కేనికీ కలిపి కిందికి వేలాడేలా కట్టాడు. దానికి హ్యాంగర్లు తగిలించాడు. చొక్కాలన్నీ చేతికందే ఎత్తులో బుద్ధిగా వేలాడాయి. అద్దం దగ్గరికి వెళ్ళి వంగి తన పొట్ట చూసుకుని నవ్వుకున్నాడు. ఒక సాక్సుని మడతపెట్టి అద్దం అడుగు అంచు వెనక దూర్చాడు. అద్దం వెనక్కి వాలింది, ఇప్పుడు ముఖం కనబడుతోంది. ఒక్క సాక్సు మడత! షావుకారు కాలంనుంచీ చెక్కుచెదరని అద్దం పని అయిపోయింది.

"ఆ నడిమి బల్లనేం చేస్తావు?" అంది పిన్ని, ఉక్రోషం ఆపుకోలేక. "అది నేలకి బిగించింది."

"చాలా మంచి బల్లండీ. మా కోచ్ పొట్టివాడు. దీనిమీదకెక్కి మాట్లాడితే అందరికీ కనబడతాడు. బోర్డెందుకు, కాళ్ళ దగ్గర సీసా మూతలు పేర్చి చూపిస్తాడు."

పిన్నికి తల తిరిగిపోయింది. ఇన్నేళ్ళలో ఎందరో కిట్ల మనుషులు వచ్చారు. గొణుక్కున్నవాళ్ళు, ఫిర్యాదులు చేసినవాళ్ళు, కొక్కేలు పీకబోయినవాళ్ళు అందరినీ చూసింది. ఇలా ఈలవేసుకుంటూ గదిని మచ్చిక చేసుకున్నవాణ్ణి చూడలేదు. ఇంకెవరైనా అయితే భుజం తట్టి ఉండేది. కానీ ఇతను అవతలివాడు, పైగా ఈవేళ మ్యాచ్.

సరే, పోతే పోయింది, ఇతని చేత ఒక పని చేయించుకోవచ్చు కదా అనిపించిందావిడకి. తువ్వాలు దులుపుతున్నట్టు నటిస్తూ దగ్గరికి జరిగింది.

"మీ వాళ్ళలో పెళ్ళికానివాళ్ళెవరు బాబూ?"

అతను తల బుట్టలోకి దూర్చేశాడు. అడుగున ఏదో వెతుకుతున్నట్టు. "చాలామందేనండీ."

"వాళ్ళలో బుద్ధిమంతుడెవరు?"

"ఏ నంబరు సంగతి అడుగుతున్నారండీ?"

"నంబరు తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను!"

బుట్టలోంచే జవాబొచ్చింది. "నాకు తెలిసింది సాక్సుల సంగతేనండీ. ఏడో నంబరాయన ముద్దచేసి గది అవతలికి విసురుతాడు. నాలుగో నంబరాయన మడతపెట్టి చేతికిస్తాడు, కాకపోతే ఎవరైనా చూస్తుంటేనే. పదకొండో నంబరాయనది ఎప్పుడూ ఒకటే దొరుకుతుంది, రెండోది ఏమైందో ఆయనకే తెలియదు."

పిన్నికి నవ్వాగలేదు. నవ్వాక తన మీద తనకే కోపమొచ్చింది. "అయినా ఇంత తెలివిగలవాడివి, పోయి పోయి ఈ సాక్సులేరే పనిలోకి ఎలా వచ్చావు?" అంది, కాస్త పుల్లవిరుపుగా.

అతను బుట్టలోంచి తల తీశాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "మా అమ్మ కూడా ఇదే పని చేసేదండీ. వాళ్ళు మైదానంలోకి వెళ్ళేటప్పుడు ఏ ఒక్కడికీ ఏదీ తక్కువైందనిపించకూడదు. అది చూసుకోవడం నాకిష్టం."

పిన్ని దులిపిన తువ్వాలే మళ్ళీ దులిపింది. తన ఉద్యోగం సరిగ్గా దానికి తిరగేసినట్టుగా ఉంది మరి.

తర్వాత అతనొక విచిత్రం మొదలుపెట్టాడు. గోడ వెంబడి బల్లమీద ఒక్కోచోటా కూర్చుని, లేచి, ఇంకోచోట కూర్చుని చూస్తున్నాడు. ఎవరెక్కడ కూర్చోవాలో చొక్కా పెట్టి చెప్పేది తనేననీ, తను కూర్చోని చోట ఇంకొకర్ని కూర్చోబెట్టడనీ చెప్పాడు. ప్రతిచోటా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. చివరికి మూల మిగిలింది.

చూడటానికి ఆ గదిలో అన్నిటికంటే దరిద్రమైన చోటది. పైకప్పు అక్కడ వాలుతుంది, వెలుతురు సరిగ్గా రాదు, గోడ మీద రంగు పెచ్చులూడిపోయి ఉంటుంది. పాతకాపులు అక్కడికి పోరు. అతను వెళ్ళి కూర్చున్నాడు. పిన్ని తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

గాడిదల కాలంలో నీళ్ళు పోవడానికి నేల అక్కడ లోతుగా చేశారు. బల్ల గీత అంతా ఒకే వరసలో ఉన్నట్టు కనబడుతుంది గానీ, ఆ మూల మాత్రం కాళ్ళు హాయిగా ఆనుతాయి. గోడ లోపలినుంచి వేణ్ణీళ్ళ గొట్టం పోతుంది, వీపు ఆనిస్తే వెచ్చగా ఉంటుంది. చెయ్యి చాపితే చీకట్లో ఒక కొక్కెం, సరైన ఎత్తులో. నడిమి బల్ల కూడా అడ్డం రాదు, గది మొత్తం కనబడుతుంది. ఇదే పిన్ని వాళ్ళ నాన్న చేసిన ఆ ఇంకొక పని. "షావుకారు చెప్పింది చేశాను, జీతం పుచ్చుకున్నాను" అని పిన్నితో అన్నాడాయన అప్పుడు. "కానీ వచ్చినవాళ్ళలో మొదటిసారి వచ్చినవాడు ఒకడుంటాడమ్మా. భయపడి మూల వెతుక్కుంటాడు. వాడి మీద నాకేం కోపం?" పిన్ని ఆ మాట ఎవరితోనూ అనలేదు. అక్కడ కూర్చున్న కుర్రాళ్ళు కూడా తమ అదృష్టం చెబితే పోతుందని నోరు మెదిపేవారు కాదు.

కిట్ల మనిషి వీపు గోడకి ఆనించాడు. చెయ్యి చాపి కొక్కెం తడిమాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఈ గది కట్టినాయన ఎవరండీ?"

"ఏం, నాలుగు తిట్టాలా?" అంది పిన్ని.

"కాదండీ. మంచివాడు పాపం. మనసు ఒప్పక ఇది ఇక్కడ దాచిపెట్టుకున్నాడు."

పిన్ని చటుక్కున గోడవైపు తిరిగింది. తుడవక్కర్లేని అద్దాన్ని తుడవడం మొదలుపెట్టింది. కళ్ళు మసకబారాయి, అద్దమూ మసకబారింది, ఏది తుడుస్తోందో ఆవిడకే తెలియలేదు. నాన్న పోయి ఇన్నేళ్ళకి ఆ గదిలో ఆయన గురించి ఒక మంచి మాట, అదీ అవతలివాడి నోట.

"ఇవాళ మొదటిసారి ఆడే కుర్రాడొకడున్నాడండీ" అంటున్నాడతను. "భయంతో పొద్దున్నుంచీ ఏం తిన్నా కక్కేస్తున్నాడు. వాణ్ణి ఇక్కడ కూర్చోబెడతాను." ఆ మూల ఒక చొక్కా తగిలించి, దాని మడతలు అరిచేత్తో సాపు చేశాడు.

పిన్ని బయటికి వెళ్ళి రెండు గ్లాసుల్లో టీ పట్టుకొచ్చింది. దారిలో మేనేజరు ఎదురయ్యాడు.

"ఎవరికి పిన్నీ టీ?"

"నాకే."

"రెండు గ్లాసులా?"

"రెండు చేతులున్నాయిగా!" అని విసవిసా వెళ్ళిపోయింది.

జట్టు వచ్చింది. పిన్ని తలుపు దగ్గర నిలబడి కళ్ళు పెద్దవి చేసుకుని ఒక్కొక్కణ్ణీ చూసింది. ఒకడు అద్దం ముందునుంచి కదలడు. ఒకడు చిటికె వేసి, "ఇదిగో, మంచినీళ్ళు" అన్నాడు. ఏడో నంబరాయన అప్పుడే సాక్సులు విసిరాడు, ఒకటొచ్చి పిన్ని భుజం మీద పడింది. వీళ్ళలో ఎవడే తల్లీ నీవాడు అని మనసులోనే కూతుర్ని అడిగింది. నాలుగో నంబరాయన ఒక్కడూ వినయంగా నవ్వాడు. కానీ పిన్ని తల తిప్పుకున్నట్టు నటించి ఓరకంట చూస్తే, చేతిలోని తువ్వాలు నేలమీదే పారేశాడు. మూలనున్న కుర్రాడు మాత్రం గోడకి ఆనుకుని కొంచెం కొంచెంగా మనిషవుతున్నాడు. వాడు మరీ పసివాడు, పిన్ని కూతురి పక్కన తమ్ముడిలా ఉంటాడు. లెక్క ఎటూ తేలలేదు.

మ్యాచ్ సంగతి చెప్పక తప్పదు. ఆ కక్కిన కుర్రాడే గోల్ వేశాడు. స్టేడియం అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మైదానంలోకి వెళ్ళే సొరంగం మొదట్లో నిలబడ్డ పిన్నికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు, కూర్చోబెట్టింది తన నాన్న బల్ల మీదే కదా మరి. జనమంతా నిదానపు గడియారం వంకే చూస్తున్నారు. అప్పుడు బంతి తూర్పు మూలకి దొర్లింది. రాత్రి వానకి అక్కడ నీళ్ళు నిలిచి ఉన్నాయి. అవతలివాళ్ళు అది గీత దాటిపోతుందని వదిలేశారు. బంతి నీళ్ళలో కూలబడి ఆగిపోయింది. ఇంటి జట్టు కుర్రాడికి తెలుసుగా, నేరుగా పరిగెత్తి దాన్ని లోపలికి కొట్టాడు, ఇంకొకడు తలతో నెట్టాడు. గోల్! తూర్పు గ్యాలరీ పైకప్పు మళ్ళీ లేచిపోతుందేమోనన్నంత కేక. డ్రా. చాలు, బతికారు. మేనేజరు వచ్చి పిన్నిని పట్టుకుని గిరగిరా తిప్పాడు.

ఆటగాళ్ళు స్నానాలు చేసి బస్సెక్కారు. గదిలో కిట్ల మనిషి ఒక్కడే వంగి సాక్సులు ఏరుతున్నాడు. పిన్ని తువ్వాళ్ళు ఏరుతోంది. అప్పుడు తలుపు తోసుకుని కూతురు వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"చూశావా అమ్మా?"

"చూశాను. చూడకేం, కళ్ళు కాయలు కాసేలా చూశాను" అంటూ పిన్ని తువ్వాళ్ళ మూట కింద పడేసింది. "ఒక్కడూ నచ్చలేదు. నువ్వు ఎవణ్ణి చూసి మురిసిపోయావో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఏడో నంబరువాడా? చిటికెలు వేసేవాడా? అసలు నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే? మనిషంటే ఎలా ఉండాలో తెలుసా? అదిగో, ఆ బాబుని చూడు. పొద్దున్నుంచీ నేను ఎన్ని మాటలన్నా ఒక్కటి ఎదురనలేదు. గదిలో కూర్చోబెట్టే ముందు ప్రతివాడి చోటులోనూ తను కూర్చుని చూశాడు. మీ తాతని ఈ గదిలో మంచివాడన్న మనిషి ఇతనొక్కడే. ఇలాంటివాణ్ణి తీసుకొచ్చి ఉంటే ఆ గుమ్మంలోనే సరే అనేదాన్ని!"

అతని చేతిలోని సాక్సులన్నీ నేల మీద పడ్డాయి. కూతురు ఆ పొట్టి బల్లమీద కూలబడింది. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ముఖం చేతుల్లో దాచుకుంది.

"అమ్మా, ఆయనే."

పిన్ని అతన్ని చూసింది, నేలమీది సాక్సుల్ని చూసింది, కూతుర్ని చూసింది. సాక్సులేరే కొంపకి ఇవ్వనని ఇన్నేళ్ళూ తను అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాటకే పిల్ల భయపడి పేరు కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, ప్రాణం ఉసూరుమంది, ఆ వెంటనే పట్టరానంత సంతోషమూ వచ్చింది. మూడూ ఒక్కసారే వస్తే మనిషి ముఖం ఎలా పెట్టాలో ఎవరూ నేర్పరు కదా.

"మరి ఈ సాక్సులు" అని ఆగిపోయింది.

"ఇంట్లో సాక్సులు నేనే ఏరతానండీ" అన్నాడతను, చెవులు మండిపోతుండగా.

"పొద్దుననగా వచ్చావు. నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పకూడదూ?"

"చెప్పొద్దని మీ అమ్మాయి గట్టిగా చెప్పిందండీ. పైగా చెప్పి ఉంటే మీరు దిళ్ళు వేసేవారు. మేనేజరుగారు మిమ్మల్ని తిట్టేవారు."

పిన్ని ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బయట బస్సు హారన్ కొట్టింది, ఒకసారి కాదు, విడవకుండా. అతను గబగబా సాక్సులన్నీ బుట్టలో వేసి, బుట్ట భుజానికెత్తుకుని తలుపు దగ్గరికి వెళ్ళాడు. లాగాడు. రాలేదు. ఆ రోజు అతనికి ఆ గదిలో లొంగనిది అదొక్కటే. సిగ్గుగా వెనక్కి చూశాడు.

కూతురు లేవబోయింది. "నువ్వు కూర్చో" అంది పిన్ని. తనే వెళ్ళి, ఈసారి కొంగు అడ్డం వేయకుండా, అతని చెయ్యి తీసుకుని పిడి మీద పెట్టింది.

"లాగకు. ముందు పైకెత్తు. ఇంకొంచెం. ఆఁ, అంతే. ఇప్పుడు లాగు."

తలుపు వచ్చేసింది.

"మీ కోచ్‌కి చెప్పావంటే ఊరుకోను" అంది పిన్ని. "వచ్చే ఏడాది మళ్ళీ వస్తారు."

"చెప్పను అత్తయ్యా" అని అతను బుట్టతో బస్సు వైపు పరిగెత్తాడు.